ఫ్రాన్స్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ అసిస్టెంట్ ఉద్యోగం: ఒక సమీక్ష

ఫ్రెంచి చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు నన్ను తరచుగా అడిగే విషయం ఒకటుంది. ఫ్రాన్స్ పాఠశాలల్లో ఏడు నెలల పాటు ఇంగ్లిష్ అసిస్టెంటుగా పనిచేసే పథకానికి దరఖాస్తు పెట్టవచ్చా, వెళితే చేతికి మిగిలేది ఏమిటి, తర్వాత పనికివస్తుందా అని. నేను తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఫ్రెంచి ఎం.ఏ. పూర్తిచేసి, ఈ పథకం కింద క్లెర్మోఁ ఫెరాఁ అకాడెమీ (ఫ్రాన్స్‌లో అకాడెమీ అంటే విద్యాశాఖ పాలనా ప్రాంతం) పరిధిలోని ఒక చిన్న పట్టణంలో పనిచేసి వచ్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు కూడబెట్టాలని గానీ, విదేశంలో స్థిరపడాలని గానీ వెళ్లేవారికి ఇది తగిన దారి కాదు. ఫ్రెంచి భాషలోనే రోజులు గడపాలన్న కోరిక, పిల్లల చేత నోరు విప్పించే ఓపిక ఉన్నవారికి మాత్రం ఇంతకంటే మంచి అవకాశం నాకు కనబడలేదు.

ఈ పథకం నిన్న మొన్నటిది కాదు. 1905లో ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థుల మార్పిడిగా మొదలై, క్రమంగా దాదాపు 60 దేశాలకు విస్తరించింది. ఇప్పుడు ఏటా నాలుగు వేల మందికి పైగా అసిస్టెంట్లు ఫ్రాన్స్ పాఠశాలలకు వెళుతున్నారు. వారిలో భారతీయులూ ఉన్నారు. దీన్ని నడిపే సంస్థ పారిస్ పక్కనే సెవ్ర్‌లో ఉంది. 2019 వరకు దాన్ని సియెప్ అనేవారు, ఆ తర్వాత ఫ్రాన్స్ ఎడ్యుకాసియోఁ ఇంటర్నాసియొనాల్ అని పేరు మార్చారు. పని అక్టోబరు 1న మొదలై ఏప్రిల్ 30తో ముగుస్తుంది. వారానికి 12 గంటలు తరగతిలో ఉండాలి. కోతలన్నీ పోగా చేతికి వచ్చేది నెలకు సుమారు 800 యూరోలు. బి.ఇడి. అక్కరలేదు, బోధనానుభవమూ తప్పనిసరి కాదు, కానీ ఫ్రెంచి రావాలి. పథకం అడిగే కనీస స్థాయి ఎంతైనా, బి2 (ఐరోపా భాషా ప్రమాణంలోని ఆరు స్థాయిల్లో నాలుగోది) లేకుండా వెళ్లవద్దని నేను గట్టిగా చెబుతాను. తరగతిలో మాట్లాడేది ఇంగ్లిషే అయినా, ఇల్లు వెతుక్కోవడం, బ్యాంకు, డాక్టరు, స్టాఫ్‌రూమ్ అంతా ఫ్రెంచిలోనే నడుస్తుంది, అందులోనూ మన పాఠ్యపుస్తకాల్లో వినిపించినంత నెమ్మదిగా నడవదు. ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతానికి బదులు ఫ్రెంచి తీసుకున్న చదువు ఒక్కటే ఆధారంగా బయలుదేరితే మొదటి నెల చాలా కష్టమవుతుంది.

దరఖాస్తులో ఏ అకాడెమీకి వెళ్లాలన్నది ప్రాధాన్య క్రమంలో రాయవచ్చు. ఊరు మాత్రం మన చేతిలో ఉండదు. అందరూ పారిస్ లేదా దాని చుట్టుపక్కల ఉన్న క్రెతేయ్, వెర్సాయ్ అకాడెమీలను కోరుకుంటారు. జీతం అక్కడా ఇంతే, గది అద్దె మాత్రం జీతంలో చాలా భాగాన్ని మింగేస్తుంది. చిన్న పట్టణంలో నలుగురు పంచుకునే ఇంట్లో గదికి 300 నుంచి 400 యూరోలు చాలు. అంతకంటే ముఖ్యమైన మాట, పారిస్‌లో మీరు పట్టుపట్టి ఫ్రెంచి మాట్లాడుతుంటే అవతలివారు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. మా పట్టణంలో రొట్టెల దుకాణం ఆవిడకు ఇంగ్లిష్ రాదు, రావలసిన అవసరమూ లేదు; నా ఫ్రెంచి నిజంగా బాగుపడింది ఆ దుకాణంలోనూ, స్టాఫ్‌రూమ్‌లో కాఫీ యంత్రం పక్కనా. కాబట్టి చిన్న ఊరు వచ్చిందని దిగులు పడవద్దు. రైలు స్టేషను ఉందా, ఆదివారం ఎన్ని రైళ్లున్నాయి అన్న రెండు సంగతులు మాత్రం చూసుకోండి.

ఇక పని సంగతి. ఫ్రాన్స్‌లో పిల్లలు ఆరేళ్లకే ఇంగ్లిష్ మొదలుపెడతారు. పదకొండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా కొలేజ్‌లో, ఆ తర్వాత మూడేళ్లు లిసేలో చదువుతారు. లిసే ముగిసేసరికి మొదటి విదేశీ భాషలో బి2 స్థాయికి చేరాలన్నది అధికారిక లక్ష్యం. కానీ లిసే తరగతిలో ముప్పై, ముప్పై అయిదు మంది ఉంటారు. గంట సేపట్లో ఒక్కొక్కరికి మాట్లాడే అవకాశం ఎన్ని నిమిషాలు వస్తుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. అసిస్టెంటు అవసరం పుట్టేది అక్కడే. టీచరు సగం మందిని తన దగ్గర ఉంచుకుని మిగిలిన సగాన్ని మనతో మరో గదికి పంపుతారు, లేదా ఇద్దరం ఒకే గదిలో ఉండి సంభాషణ నడుపుతాం. మార్కులు వేయడం, క్రమశిక్షణ చూడడం, టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ తీసుకోవడం మన పని కాదు. ఈ సరిహద్దు నియమాల్లో స్పష్టంగానే ఉంది. దాన్ని మొదటి వారంలోనే మన బాధ్యత చూసే టీచరుతో మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఏడు నెలల అనుభవం బాగుంటుందా లేదా అన్నది దాదాపు పూర్తిగా ఆ ఒక్క మాటలోనే తేలిపోతుంది.

సగం తరగతితో విడిగా కూర్చునే వీలు దొరికితే ఈ ఉద్యోగం ఎంత విలువైనదో చెప్పడానికి ఒక పాఠాన్ని వివరిస్తాను. క్రిస్మస్ సెలవులు ముగిసి బడి తెరిచిన కొద్ది రోజులకే మనకు సంక్రాంతి. కొలేజ్ చివరి తరగతి పిల్లలను ఇద్దరిద్దరుగా వీపులు ఆనించి కూర్చోబెట్టి, ఒకరికి పూర్తి చేసిన చుక్కల ముగ్గు, మరొకరికి వట్టి చుక్కలు మాత్రమే ఉన్న కాగితం ఇచ్చాను. 7 సందు చుక్క 4 వరకు, మన ఇళ్ల ముందు రోజూ కనబడే సాదా ముగ్గే. ముగ్గు చూస్తున్నవారు ఇంగ్లిష్‌లో చెబుతుంటే రెండోవారు చూడకుండా గీయాలి. చూపించడానికి వీల్లేదు, ఫ్రెంచి వాడకూడదు. 'పై వరుసలో మూడో చుక్క దగ్గర మొదలుపెట్టు, దాని చుట్టూ తిరుగు, ఎడమ పక్కకు దిగు' అని చెప్పాలంటే దిక్కులు, వరుస సంఖ్యలు, ఆజ్ఞార్థక వాక్యాలు అన్నీ వాటంతట అవే అవసరమవుతాయి. 'లూప్', 'కర్వ్', 'డయాగొనల్' అనే మాటలు నేను బోర్డు మీద రాయకముందే వాళ్లే అడిగి తీసుకున్నారు. సెప్టెంబరు నుంచి తరగతిలో నోరు మెదపలేదని టీచరు చెప్పిన ఒక అబ్బాయి, తన జోడీ అమ్మాయి గీత తప్పుతోందని తెలియగానే ఆపి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. అతని వాక్యాల్లో తప్పులున్నాయి, కానీ ముగ్గు సరిగ్గా కుదిరింది. ఫ్రెంచి పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్ రాక మౌనంగా ఉండరు, తోటివారి ముందు తప్పు మాట్లాడతామన్న సంకోచంతో ఉంటారు. వారి దృష్టిని భాష మీద నుంచి పని మీదకు మళ్లిస్తే ఆ సంకోచం తగ్గుతుందని నాకు అక్కడ అర్థమైంది.

అలాగే హైదరాబాద్ మెట్రో పటం కూడా నాకు బాగా ఉపయోగపడింది. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే ఎరుపు మార్గం, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలి మార్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే ఆకుపచ్చ మార్గం, ఈ మూడింటితో దారి చెప్పే పాఠం మొత్తం నడిపించవచ్చు. నాగోల్‌లో ఉన్న స్నేహితుడిని మియాపూర్ ఎలా రమ్మంటారు అంటే అమీర్‌పేట్‌లో దిగి మారాలని వాళ్లే కనిపెట్టారు. లండన్ పటంతో ఈ పాఠం వారు అప్పటికే చేసి ఉన్నారు. తెలియని నగరం కావడం వల్లే శ్రద్ధగా చూశారు.

ఇక్కడ ఉచ్చారణ గురించి చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తు చేసే మన పిల్లల మొదటి భయం అదే. అమెరికా, బ్రిటన్ యాసలకు అలవాటు పడిన తరగతిలో మన ఇంగ్లిష్‌ను ఒప్పుకుంటారా అని. మొదటి రెండు వారాలు పిల్లలు కొంచెం వింతగా విన్నారు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. పైగా వారికి నా ఇంగ్లిష్ సులువుగా అర్థమయింది. మనం అక్షరాలను మింగకుండా, ప్రతి మాటను విడిగా పలుకుతాం. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఉర్దూ, బడిలో ఇంగ్లిష్ అని నేను చెప్పినప్పుడు ఒక అమ్మాయి 'అయితే మీరూ మాలాగే బడిలోనే నేర్చుకున్నారా' అని అడిగింది. అవును, ఇంగ్లిష్ నాకు బడిలో వచ్చిన భాషే, ఆ భాషలోనే ఉద్యోగం చేస్తున్నాను. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చిన అసిస్టెంటు ఆ పిల్లలకు చూపించలేనిది ఇదే అని నా నమ్మకం. ఈ పథకం తనను తాను ఆ భాష మాతృభాషగా గలవారితో పరిచయంగా చెప్పుకుంటుంది గానీ, మన దేశం నుంచి వెళ్లేవారి అసలు బలం వేరే చోట ఉంది. లిసే చివరి రెండేళ్ల పాఠ్యప్రణాళికలో వైవిధ్యం, ప్రాంతం, జ్ఞాపకం, అస్తిత్వం వంటి అంశాలు ఉంటాయి కాబట్టి టీచర్లు కూడా భారతదేశం నుంచి వచ్చినవారిని మనస్ఫూర్తిగా ఉపయోగించుకోగలరు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం గురించి నేను చెబితే, గోదావరి ఒడ్డున తమ దేశపు పట్టణం ఒకటి ఉండేదని విని టీచర్లే ఆశ్చర్యపోయారు.

లోపాలు లేవని కాదు. మొదటిది, శిక్షణ చాలా తక్కువ. అక్టోబరు ఆరంభంలో అకాడెమీ జరిపే పరిచయ కార్యక్రమంలో కాగితాల గురించి చెప్పినంతగా తరగతి గురించి చెప్పరు. రెండోది, 12 గంటలను గరిష్ఠంగా మూడు పాఠశాలల మధ్య పంచవచ్చు. బస్సు లేని పల్లె కొలేజ్ ఒకటి ఆ జాబితాలో ఉంటే ప్రయాణం భారమవుతుంది. ఫ్రాన్స్‌లో చాలా పాఠశాలల టైమ్‌టేబుల్ ఎ వారం, బి వారం అని రెండు రకాలుగా ఉంటుంది. దానికి అలవాటు పడేదాకా తికమక తప్పదు. మూడోది, కొందరు టీచర్లు అసిస్టెంటును పాఠం చదివి వినిపించే పరికరంలా వాడుకుంటారు. తరగతి వెనక కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడప్పుడు లేపి పేరా చదివిస్తారు. వారిది చెడ్డ ఉద్దేశం కాదు, మనతో ఏం చేయించాలో వారికి ఎవరూ చెప్పలేదు. అలాంటి చోట 'వచ్చే వారం ఈ పది మందితో ఇరవై నిమిషాలు ఇది చేస్తాను' అని కాగితం మీద రాసి ఇస్తే చాలా వరకు ఒప్పుకుంటారు.

ప్రభుత్వ పాఠశాలలో పనిచేసేవారు మతచిహ్నాలు ధరించకూడదన్న తటస్థతా నియమం అసిస్టెంట్లకూ వర్తిస్తుంది. విద్యార్థుల విషయంలో ఇందుకోసం 2004లో ప్రత్యేక చట్టమే వచ్చింది. మన ఆడపిల్లలు బొట్టు గురించి వెళ్లగానే అడిగి తెలుసుకోవడం మేలు. నేను పాఠశాల వేళల్లో పెట్టుకోలేదు, ఇంట్లో పెట్టుకున్నాను.

అందరినీ అలసిపోయేలా చేసేది కాగితాల పని. ఇల్లు అద్దెకు తీసుకోవడానికి ఫ్రెంచి బ్యాంకు ఖాతా అడుగుతారు, ఖాతా తెరవడానికి ఇంటి చిరునామా అడుగుతారు. నేను మొదట వెళ్లిన బ్యాంకు అద్దె ఒప్పందం లేనిదే మాట్లాడనంది. చివరికి పాఠశాల కార్యాలయం ఇచ్చిన నివాస ధ్రువపత్రంతో మరో బ్యాంకులో పని జరిగింది. కొన్ని లిసేలు తమ ఆవరణలోనే అసిస్టెంట్లకు తక్కువ అద్దెకు గది ఇస్తాయి. కాబట్టి నియామక పత్రం చేతికి రాగానే పాఠశాలకు ఉత్తరం రాసి గది ఉందా, ఇంతకు ముందు పనిచేసిన అసిస్టెంటు ఎక్కడ ఉన్నారు అని అడగండి. అద్దెకు పూచీ ఇచ్చేవారు లేనివారికి విజాల్ అనే ఉచిత హామీ ఉంది, యజమానులు చాలామంది దాన్ని అంగీకరిస్తారు. అద్దెలో కొంత భాగం కాఫ్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి సహాయంగా పొందే వీలూ ఉంది. ఆరోగ్య బీమా జీతంలో కోతతోనే మొదలవుతుంది గానీ, కార్త్ విటాల్ అనే కార్డు రావడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా డాక్టరుకు డబ్బు కట్టి రసీదు దాచుకోవాలి. వీసాను ఫ్రాన్స్ చేరిన మూడు నెలల లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలన్నది ఎట్టి పరిస్థితిలోనూ మరచిపోకూడని పని.

తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినవి రెండున్నాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరి పాస్‌పోర్టులో పొడి అక్షరంగా మిగిలిపోతుంది, జన్మ ధ్రువపత్రంలో మరోలా ఉంటుంది. ఫ్రాన్స్ కార్యాలయాల్లో ఈ తేడా ఒక్కటే ఆరోగ్య బీమా సంఖ్యను నెలల తరబడి ఆపేయగలదు. బయలుదేరే ముందే రెండింటిలో పేరు ఒకేలా ఉండేలా సరిచేయించుకోండి. రెండోది, జన్మ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు తప్పకుండా ఉండాలి. దానికి అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) ఇక్కడే వేయించుకుని, గుర్తింపు పొందిన అనువాదకుల చేత ఫ్రెంచి అనువాదం చేయించుకోవాలి.

డబ్బు విషయంలో దాపరికం లేకుండా చెబుతాను. 800 యూరోలు చిన్న పట్టణంలో ఒక మనిషి పొదుపుగా బతకడానికి సరిపోతాయి, మిగలవు. కాగితాలు సకాలంలో అందకపోతే అక్టోబరు జీతం నవంబరు చివరికి గానీ రాదు. విమాన ఛార్జీ, అద్దెకు అడ్వాన్సు, మొదటి రెండు నెలల తిండి ఖర్చు మన దగ్గర ఉండాలి. అది లేని ఇంటి పిల్లలకు ఈ పథకం అందనిదిగా మిగిలిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇఫ్లూ వంటి సంస్థలు ప్రయాణ ఖర్చుకైనా తిరిగి చెల్లించే సాయం ఏర్పాటు చేస్తే ఎందరికో మేలు జరుగుతుంది.

సెలవులు మాత్రం ఉదారంగా ఉంటాయి. అక్టోబరు చివర, క్రిస్మస్‌కు, ఫిబ్రవరి ప్రాంతంలో రెండేసి వారాల చొప్పున బడి మూసేస్తారు, జీతం ఆగదు. 27 ఏళ్ల వరకు వయసున్నవారికి 49 యూరోల రైలు రాయితీ కార్డు ఉంది, ఒకటి రెండు దూర ప్రయాణాల్లోనే దాని ఖర్చు తిరిగి వస్తుంది. తిండి సంగతి శాకాహారులకు కొంచెం ఇబ్బందే గానీ, పాఠశాల క్యాంటీన్లలో వారానికి ఒక్కపూటైనా శాకాహార భోజనం పెట్టాలని ఇప్పుడు చట్టం ఉంది. మా అకాడెమీ ఉన్న ఓవేర్న్ ప్రాంతంలోని ల్ ప్వీ పట్టణం చుట్టుపక్కల పండే చిన్న ఆకుపచ్చ మసూరు పప్పు పేరెన్నికగన్నది. తాలింపు గింజలు, ఇంగువ వెంట తీసుకువెళితే మిగతాది అక్కడే దొరుకుతుంది. చలి మాత్రం అసలైనది. మంచి కోటు ఇక్కడ కొనవద్దు, అక్కడే కొనండి.

విదేశీయులను పాఠశాలల్లో ఇలాగే అసిస్టెంట్లుగా తీసుకునే, జపాన్‌లో 1987 నుంచి నడుస్తున్న జెట్ పథకంతో దీన్ని పోల్చి అడుగుతుంటారు. అది పూర్తికాల ఉద్యోగం, జీతం చాలా ఎక్కువ, ఒప్పందాన్ని అయిదేళ్ల దాకా పొడిగించుకునే వీలుంది. ఉపాధి కోసం చూసేవారు దాని వైపే వెళ్లాలి. ఫ్రాన్స్ పథకంలో వారానికి 12 గంటలు పోగా మిగిలిన సమయమంతా మనదే. ఆ సమయాన్ని ఏం చేసుకోవాలో తెలిసినవారికే ఇది లాభం. నేను పట్టణ గ్రంథాలయంలో చేరి, ఒక పాటల బృందంతో వారం వారం పాడాను. నాతో పాటు వచ్చిన ఒక అసిస్టెంటు పరిశోధనకు కావలసిన పత్రాలన్నీ అక్కడే సేకరించుకుంది.

మొత్తం మీద అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి శిక్షణ లేనందుకూ, మొదటి రెండు నెలల ఖర్చు పూర్తిగా అభ్యర్థి మీదే పడుతున్నందుకూ. ఫ్రెంచి టీచరు కావాలనుకునేవారు, అనువాద రంగంలోకి వెళ్లాలనుకునేవారు, ఫ్రాన్స్‌లో పైచదువులకు ముందు ఆ దేశాన్ని దగ్గరగా చూడాలనుకునేవారు తప్పకుండా ప్రయత్నించండి. పనిలో చేరవలసిన అక్టోబరుకు దాదాపు ఏడాది ముందే దరఖాస్తుల ప్రక్రియ మొదలవుతుంది కాబట్టి, ఎం.ఏ. చివరి సంవత్సరం వచ్చేదాకా ఆగకండి. వెళ్లేటప్పుడు ముగ్గుల పుస్తకం, మెట్రో పటం, పెళ్లి శుభలేఖ, పాత టెన్త్ ఇంగ్లిష్ వాచకం వంటివి బరువు అనుకోకుండా పెట్టెలో వేసుకోండి, తరగతిలో వాటికి సాటి వచ్చే సామగ్రి అక్కడ దొరకదు. తిరిగివచ్చే ముందు జీతపు చీటీలన్నీ, ఏ తరగతులకు ఎన్ని గంటలు పనిచేశారో రాసి ప్రధానోపాధ్యాయులు సంతకం చేసిన ధ్రువపత్రం తీసుకోవడం మరవవద్దు. ఏప్రిల్‌లో వసంతకాలపు సెలవులకు పాఠశాల కార్యాలయం మూతపడవచ్చు కాబట్టి ఆ పత్రాన్ని మార్చిలోనే అడగండి.